కణం తేరుకోవడానికి పట్టే సమయం

ఇసిపింగో, డర్బన్
18 ఆగస్టు 1996

వదినగారికి,

రత్న రాస్తోంది. మీ బోదకాలు వానలకి మళ్ళీ బరువెక్కిందని మీ తమ్ముడు చెప్పారు. ఆసుపత్రిలో రోజంతా నిలబడే పని కాస్త తగ్గించుకోమంటే మీరు వినరు. ఆ మాట అనే హక్కు ఇవాళ నాకు లేదులెండి. నా బాధ చెప్పుకోవడానికే రాస్తున్నాను.

కీర్తి కళ్ళు పచ్చబడ్డాయి. మొదట కనిపెట్టింది నేను కాదు, పక్కింటి వల్లీ. మొబేనిలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. వాళ్ళ ముత్తాత చెరకు తోటల కూలీగా ఓడెక్కి వచ్చాడట, ఇంట్లో మిగిలిన తెలుగు తిట్లూ వంటలూ మాత్రమే. గోడ మీంచి పిల్లను చూసి, "ఆయిబో రత్నా, నీ పాప కన్ను చూడు. బోరీ రాసినట్టు ఉండాది" అంది. బోరీ అంటే ఇక్కడ పసుపు. నేను నవ్వేశాను. తర్వాత అద్దం దగ్గర పిల్ల కింది రెప్ప లాగి చూస్తే నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రి మీకు తెలిసిన సర్కారు ఆసుపత్రిలాంటిదే. ఒకప్పుడు ఏ జాతివాళ్ళు ఏ గుమ్మంలోంచి పోవాలో బోర్డు ఉండేదట. ఇప్పుడు బోర్డు పోయింది, అందరూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నారు, లోపల డాక్టర్లు మాత్రం పెరగలేదు. సర్జన్ పొట్ట నొక్కి చూసి ప్లీహం పెరిగిందన్నాడు. ఎర్రకణాలు చక్రాల్లా ఉండాల్సింది గోళీల్లా ఉంటాయట, ప్లీహం వాటిని పట్టి పగలగొడుతుందట. ప్లీహం తీసేస్తే పిల్ల బాగుపడుతుందన్నాడు. చాలా సులువుగా అన్నాడు. అంత సులువుగా చెప్పే మాట నాకు నమ్మబుద్ధి కాదు, ఇది నా జబ్బు.

ఇది వంశంలో వచ్చేదట. మా వైపు అమ్మకు రాసి అడిగాను, ఎవరికీ లేదంది. మీ వైపు చిన్నప్పుడు కళ్ళు పచ్చబడినవాళ్ళు, రక్తం తక్కువైనవాళ్ళు, ప్లీహం తీయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీరు పెద్దవారు, డాక్టరు. మీకు తెలియనిది ఆ ఇంట్లో ఏముంటుంది.

మీ మరదలు
రత్న

———

కాకినాడ
4 సెప్టెంబరు 1996

రత్నా,

ఇక్కడ అంతా క్షేమం. నా కాలు సంగతి అలా ఉంచు. కాకినాడలో బోదకాలు లేనివాడు పరాయి ఊరివాడని లెక్క.

మన ఇంట్లో ఎవరికీ అలాంటిది లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి మరీ రాస్తున్నాను. శేషు చిన్నప్పుడు రోజూ కాలవలో ఈదేవాడు, జలుబు కూడా చేసేది కాదు. వంశంలో లేకుండా కొత్తగా పుట్టుకొచ్చే కేసులూ ఉంటాయి, ఆ సర్జన్‌కి అది తెలియదా?

నువ్వు అక్కడి లాబ్‌లో గాజు గొట్టాలతో కణాలను పీల్చి గట్టిదనం కొలుస్తావని శేషు నలుగురికీ గొప్పగా చెబుతాడు. కానీ రక్తం మా శాఖ, మీది కాదు. నిజంగా గోళీ కణాలే అయితే ప్లీహం తీశాక పిల్లలు చక్కగా తేరుకుంటారు. నేను ప్రసూతి డాక్టరునే అయినా అలాంటి తల్లులకు పురుళ్ళు పోశాను.

అయితే తొందరపడకండి. పిల్ల తిరుగుతోంది కదా, బడికి వెళ్తోంది కదా. ఇంకొన్నాళ్ళు చూడండి. తొందరపడొద్దని శేషుకి నా మాటగా చెప్పు.

వకుళ

———

ఇసిపింగో
22 సెప్టెంబరు 1996

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ధైర్యం తెచ్చుకోవాలని చూశాను. ఒక చోట ప్లీహం తీస్తే తేరుకుంటారన్నారు, ఇంకో చోట తొందరపడొద్దన్నారు. రెండిట్లో ఏది డాక్టరు మాట, ఏది మేనత్త మాట? ఆపరేషను డిసెంబరు మూడున పెట్టారు.

చేయకూడని పని ఒకటి చేశాను. కీర్తి రక్తం లాబ్‌కి తీసుకెళ్ళి నేనే కొలిచాను. అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంటి మనిషి రక్తం మీద పని చేయడానికి మాకు అనుమతి ఉండదు.

మేం చేసేదేమిటంటే, సన్నని గాజు గొట్టాన్ని వేడి మీద లాగి, కొన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నగా అయ్యేలా చేస్తాం. దాన్ని మైక్రోస్కోపు కింద ఒక ఎర్రకణానికి ఆనించి, గొట్టానికి కట్టిన నీళ్ళ సీసాను కొంచెం కిందికి దింపుతాం. ఆ చిన్న పీల్పుకి కణం చర్మం గొట్టంలోకి నాలుకలా సాగుతుంది. ఎంత పీల్పుకి ఎంత సాగిందో చూస్తే చర్మం ఎంత గట్టిదో తెలుస్తుంది. తర్వాత వదిలేస్తాం. వదిలాక అది మళ్ళీ తన ఆకారానికి ఎంతసేపట్లో వస్తుందో వీడియోలో ఫ్రేము ఫ్రేముగా లెక్కపెడతాం. లోపలి ద్రవం పల్చగా ఉంటే చటుక్కున తేరుకుంటుంది. చిక్కగా ఉంటే ఆలస్యమవుతుంది.

వదినగారూ, కీర్తి కణాలు గోళీలు కావు. చర్మం బాగుంది, కావలసినంత ఉంది. కానీ వదిలాక వెనక్కి రావడానికి మామూలుకి రెట్టింపు సమయం తీసుకుంటున్నాయి. లోపల నీళ్ళు ఇంకిపోయినట్టు. సర్జన్ చెప్పిన జబ్బు ఇది కాదనిపించింది.

అయితే ఏ కొలతకైనా పక్కన ఒక మామూలు మనిషి రక్తం పెట్టి పోల్చాలి. లాబ్‌లో ఎవరినీ అడగలేను కాబట్టి మీ తమ్ముడిని కూర్చోబెట్టి తీశాను. "తీసుకో, ఉక్కులాంటి రక్తం, నీ గొట్టం విరిగితే నా పూచీ కాదు" అన్నారు. ఆయన కణాలూ అలాగే ఆలస్యంగా తేరుకున్నాయి. కీర్తి కణాలంత కాదు, కానీ ఆలస్యమే. యాభయ్యేళ్ళ వయసులో ఫ్యాక్టరీలో నిచ్చెనలెక్కే మనిషికి జబ్బేముంటుంది? అంటే తప్పు రక్తంలో లేదు, నా పనిలో ఉంది. గది చల్లబడి ఉంటుంది, లేదా ద్రవం పాతదై ఉంటుంది. నాకు కావలసిన జవాబే నా కంటికి కనిపించి ఉంటుంది.

ఆ ఫలితం పక్కన పెట్టేశాను. కీర్తి అడిగింది, "అమ్మా, నా రక్తం టీవీలో వచ్చిందటగా, పాసయ్యానా?" అని.

రత్న

———

కాకినాడ
6 అక్టోబరు 1996

రత్నా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఓపీలో జనం ఉండగానే చదివాను, మధ్యలో లేచి రాలేకపోయాను.

ఫలితాన్ని పక్కన పెట్టకు. ఇంకోసారి చెయ్యి. ఈసారి శేషు రక్తం వాడకు. తండ్రి రక్తం పెట్టి కూతురి రక్తాన్ని పోల్చడమేమిటి? నీ బుద్ధి ఏమైంది? మన రక్తం కానివాళ్ళని, దూరపు చుట్టరికం కూడా లేనివాళ్ళని ఎవరినైనా కూర్చోబెట్టు. అప్పుడు గది చల్లదనమో కాదో తేలుతుంది.

ఇంతకంటే నన్ను అడగకు. ఇక్కడ వానలు. వార్డులో పడకలు చాలక ఇద్దరేసి బాలింతలను ఒకే మంచం మీద పడుకోబెడుతున్నాం.

వకుళ

———

ఇసిపింగో
21 అక్టోబరు 1996

వదినగారికి,

వల్లీ రక్తం తీశాను. మా వంటింట్లో చెయ్యి చాచి కూర్చుని, "తీసుకో మా, ఎంత కావాలో తీసుకో. నాకు షుగర్ ఉంది, నీ గ్లాసు పైపుకి చీమలు పట్టేను జాగర్త" అంది. సిర దొరక్క రెండుసార్లు సూది గుచ్చాను. "నువ్వు డాక్టరువి కాదు గదా?" అని అప్పుడు అడిగింది. కాదన్నాను. "ఓకే, సరే" అని అటు తిరిగి కూర్చుంది.

అదే గది, అదే ద్రవం, అదే గొట్టం. వల్లీ కణాలు వదలగానే మూడు ఫ్రేముల్లో తేరుకున్నాయి. కీర్తివి ఏడు. మీ తమ్ముడివి మళ్ళీ తీశాను. ఐదు.

ఇప్పుడు నేను అడగాలి. మీకు ముందే ఎలా తెలుసు? తండ్రి రక్తం వాడొద్దని మామూలు జాగ్రత్తగా చెప్పినట్టు లేదు మీరు. ఆ వాక్యం దగ్గర మీ అక్షరాలు మారాయి. నేను నాలుగేళ్ళు విద్యార్థుల రికార్డులు దిద్దినదాన్ని, ఎక్కడ చెయ్యి తడబడిందో నాకు కనిపిస్తుంది.

కొలతలు పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఓపిగ్గానే విన్నాడు. "మేడం, ముగ్గురు మనుషులు, అందులో ఇద్దరు మీ వాళ్ళు, మూడో ఆవిడకి షుగర్ జబ్బు. దీంతో నేను ఆపరేషను ఆపమంటారా?" అన్నాడు. కుటుంబంలో ఇలాంటి రక్తం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళకి ప్లీహం తీశాక ఏమైందో తెలిస్తే అప్పుడు ఆలోచిస్తానన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. షుగర్ వల్ల కూడా కణాలు మారతాయి. నేనైనా అదే అనేదాన్ని. నాలో నేను రోజూ అదే అంటున్నాను.

ఆదివారం లాబ్ నుంచి మీకు ఫోన్ చేశాను. వార్డు ఫోనులో మీ వెనక నర్సుల గొంతులు వినిపిస్తున్నాయి. "మన ఇంట్లో ఎవరికీ లేదని చెప్పాను కదా" అన్నారు. మెల్లగా కాదు, గట్టిగా, వాళ్ళందరికీ వినబడేలా అన్నారు. వదినగారూ, అది నాతో అన్న మాట కాదు.

నన్ను పరాయిదాన్ని అనుకోండి, ఫరవాలేదు. కీర్తి మీ తమ్ముడి కూతురు. డిసెంబరు మూడు లోపల మీకు తెలిసింది రాయండి. నేను కాళ్ళు పట్టుకోవాలంటే ఈ దూరం నుంచి ఈ కాగితం తప్ప నాకు దారి లేదు.

రత్న

———

కాకినాడ
10 నవంబరు 1996

రత్నా,

నీ ఉత్తరం తుఫాను ముందురోజు అందింది. ఆరో తారీఖు రాత్రి గాలికి ఆసుపత్రి రేకులు ఎగిరిపోయాయి. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి, కోనసీమ వైపు నుంచి శవాలు వస్తున్నాయి. నేను చెప్పాలనుకునే సమయానికి చెప్పే దారులన్నీ మూసుకుపోయాయి. హైదరాబాదు వెళ్ళే డాక్టర్ల జీపు ఒకటి బయల్దేరుతోంది, అక్కడ పోస్టు చేయమని ఇది వాళ్ళ చేతికి ఇస్తున్నాను. డిసెంబరు దాకా గడువుంది కదా అన్నదొక్కటే నా ధైర్యం.

విను. పదిహేడేళ్ళప్పుడు మద్రాసులో నాకు ప్లీహం తీశారు. అపెండిక్సు అని ఊళ్ళో చెప్పారు. అపెండిక్సు కుడివైపు ఉంటుంది, నా మచ్చ ఎడమవైపు ఉంది. ఆ మచ్చ చూసిన ఆడవాళ్ళలో ఒక్కరూ అడగలేదు.

నాకూ కీర్తిలాగే కళ్ళు పచ్చబడేవి. తీసేస్తే తగ్గుతుందన్నారు. తగ్గలేదు. రక్తం పెరగలేదు, కళ్ళు తెల్లబడలేదు. రెండేళ్ళకి నా కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ వాపు ఇక పోలేదు. అది బోదకాలు కాదు. ఈ ఊళ్ళో వాచిన కాలికి ఆ పేరు ఉచితంగా దొరుకుతుంది, నేను తీసుకున్నాను. నలభయ్యేళ్ళు దాటాక ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చింది. వైజాగులో నెలరోజులు ఉన్నాను, ట్రైనింగ్ అని చెప్పాను.

ఎందుకు దాచామంటావా. నా వెనక నలుగురు. రక్తం మంచిది కాదన్న మాట ఒక్కసారి బయటికి పోతే ఎవరికీ సంబంధాలు రావని అమ్మ భయం. నేను పెళ్ళి వద్దన్నాను, చదువు మీద ప్రేమ అన్నారు. మిగతావాళ్ళకి అయ్యాయి. శేషుకి నిన్ను చూసినప్పుడు మీ నాన్నగారు ఆరోగ్యాల గురించి అడిగారు, నేను ఆ గదిలోనే ఉన్నాను. శేషుకి ఇప్పటికీ తెలియదు.

నాకు ఏ జబ్బో నాకే తెలియదు, రత్నా. గోళీ కణాలన్నారు. గోళీ కణాలైతే నేను బాగుపడాలి. ఇన్నేళ్ళలో నా పుస్తకాల్లో ఎక్కడా జవాబు దొరకలేదు. ప్లీహం తీయడానికీ నా గడ్డలకీ సంబంధం ఉందని ఏ పాఠంలోనూ లేదు, నా ఒంట్లో మాత్రమే ఉంది. నీ ఉత్తరంలో చర్మం బాగుంది, నీళ్ళు ఇంకిపోయినట్టున్నాయి, తేరుకోవడం ఆలస్యం అని చదివినప్పుడు, నా రక్తం గురించి మొదటిసారి ఎవరో నిజం రాసినట్టు అనిపించింది.

ప్లీహం తీయనివ్వకు. ఈ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి సర్జన్‌కి చూపించు, నా పేరూ రిజిస్ట్రేషనూ అన్నీ పెట్టు. పచ్చకళ్ళతో, నీరసంతో బతకొచ్చు. మిగతాది వద్దు.

వకుళ

———

ఇసిపింగో
29 నవంబరు 1996

వదినగారికి,

మీ ఉత్తరం ఇరవయ్యారున అందింది. కీర్తికి పద్నాలుగునే ప్లీహం తీశారు.

ఎలా జరిగిందో చెబుతాను. పదకొండున బడిలో పడిపోయింది. జ్వరం, ఎడమ డొక్కలో నొప్పి, రక్తం సగానికి పడిపోయింది. సర్జన్ డిసెంబరు మూడు దాకా ఉండడట, ఆస్ట్రేలియాలో ఉద్యోగం ముందుగానే దొరికి ఈ నెలాఖరుకే వెళ్ళిపోతున్నాడట, ఇక్కడ ఉండగలిగినవాళ్ళు ఉంటున్నారు, పోగలిగినవాళ్ళు పోతున్నారు. "నేను వెళ్ళాక ఈ పిల్ల మళ్ళీ వరుసలో ఎప్పటికి వస్తుందో చెప్పలేను" అన్నాడు. రెండు రోజులు కాకినాడకి ఫోన్ తిప్పాను, మోగనే లేదు. తుఫాను సంగతి ఇక్కడి పేపర్లో మూల ఎక్కడో నాలుగు లైన్లు ఉందని తర్వాత తెలిసింది. మీరు మళ్ళీ మౌనంగా ఉన్నారనుకున్నాను.

మీ తమ్ముడు కలం పట్టుకుని నా మొహం చూశారు. "నువ్వే కదా కొలిచావు, నువ్వు చెప్పు" అన్నారు. ముగ్గురి రక్తం, మూడో ఆవిడకి షుగర్. నా కొలత నిజమని నాకు ఎక్కడో తెలుసు, అయినా నమ్మలేదు. కలం తీసుకుని నేనే సంతకం పెట్టాను.

మీ ఉత్తరం ఆయన వరండాలో నిలబడి చదివారు. చదివి, చొక్కా చేతిమడత విప్పి తన ముంజేతి సిరలను చూసుకున్నారు. తర్వాత, "అక్క ఒక్కతే మోసిందన్నమాట" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. ఒక్కరే మోయలేదు, మాకు తెలియకుండా మా అందరి చేతా మోయించారు. ఇది రాయకుండా ఉందామనుకున్నాను, రాసేశాను.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. కుట్లు విప్పి ఇంటికి పంపారు. కీర్తి మొదట అడిగింది, "నా కళ్ళు తెల్లబడ్డాయా?" అని. వల్లీ పక్కనే ఉంది. "నీ కళ్ళు నాకంటే అందంగుండాయి, నోరు మూసుకో పాపా" అంది. తెల్లబడలేదు. రక్తం పెరగలేదు. గడ్డకట్టించే కణాలు మాత్రం విపరీతంగా పెరిగాయి. కొత్త డాక్టరు చిన్నవాడు, మీ ఉత్తరానికి నేను చేసిన అనువాదం రెండుసార్లు చదివాడు. "నాకు ఇది తెలియదు" అని నిజాయితీగా అన్నాడు. ఆస్పిరిన్ రాసిచ్చాడు, వాపు కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు.

మిమ్మల్ని క్షమించానో లేదో నాకు తెలియదు. అది తేల్చుకునే తీరిక లేదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదని మీరే రాశారు, కాబట్టి మీరే చెప్పాలి. మొదట ఏ కాలు? పిక్కలోనా, తొడలోనా? నొప్పిగా మొదలైందా, బరువుగానా? ముందురోజు ఏమైనా తెలిసిందా? ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినప్పుడు దగ్గు వచ్చిందా, వీపులో పోటు వచ్చిందా? ఏ మందుతో ఆగింది, ఏది మానేస్తే తిరగబెట్టింది? డాక్టరులా వద్దు, పంతొమ్మిదేళ్ళ పిల్లలా గుర్తు తెచ్చుకుని రాయండి. ఫోన్లు బాగైతే ఫోన్ చేయండి, వార్డులో ఎవరు వింటున్నా చెప్పండి.

ఇంతవరకూ నిన్న రాసి ఆపాను. ఇవాళ పొద్దున కీర్తి మంచం మీద కాలు చాపి, "ఇక్కడ లాగుతోందమ్మా" అంది. పడుకుని పడుకుని పట్టేసి ఉంటుందని మీ తమ్ముడు అన్నారు. అయి ఉండొచ్చు. వల్లీ ఇంటికి వెళ్ళి ఆమె కుట్టుపని టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది వేలెడు ఎక్కువుంది. ఇంకోసారి కొలవాలనిపించింది. టేపు వదులుగా పట్టానేమో, పిల్ల కాలు కదిపిందేమో, పుట్టుకతోనే ఆ తేడా ఉందేమో.

రెండోసారి కొలవలేదు. టాక్సీ పిలిచాం, వల్లీ గేటు దగ్గర నిలబడి ఉంది, మీ తమ్ముడు పిల్లను ఎత్తుకున్నారు. ఇది దారిలో పోస్టులో వేస్తాను.

రత్న